డిగ్రీ అప్రెంటిస్‌షిప్పా, యూనివర్సిటీ సీటా? నాలుగేళ్ళు చేసినదాన్నిగా చెబుతున్నాను

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎ-లెవెల్స్ (ఇక్కడి ఇంటర్ లాంటివి) అయిపోవస్తున్నాయి. ఒకపక్క పేరున్న యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు, ఇంకోపక్క లీడ్స్‌లో ఒక కంపెనీ ఇచ్చిన నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్, అంటే జీతం తీసుకుని పనిచేస్తూనే డిగ్రీ చదవడం. నీ మనసు రెండోదాని మీదుంది. నాన్నగారేమో "అప్రెంటిస్ ఏంటమ్మా, నలుగురిలో ఏమని చెప్పుకోను, గుంటూరులో ప్లాట్ అమ్మైనా చదివిస్తాను" అంటున్నారు. మీరు ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్ళయింది, నాన్నగారిది స్కిల్డ్ వర్కర్ వీసా, ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఇంకా రాలేదు. నువ్వు రాసింది ఇదే కదా.

నేను తెనాలి నుంచి 2011లో డిపెండెంట్ వీసా మీద వచ్చాను. బీఎస్సీ రెండో ఏడు మధ్యలో పెళ్ళయి చదువు ఆగిపోయింది. ఇక్కడ ఏడేళ్ళు ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద పనిచేశాను. అప్రెంటిస్‌షిప్‌కి పై వయసు పరిమితి లేదని తెలిసిన రోజున అప్లికేషన్ పెట్టి, 2018 సెప్టెంబరులో మాంచెస్టర్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు, నాతో చేరిన మిగతా ఐదుగురికీ పద్దెనిమిది, పంతొమ్మిది. 2022లో డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడు అదే పనిలో సీనియర్ డెవలపర్‌ని, కొత్తగా వచ్చే అప్రెంటిస్‌లకి మెంటార్‌ని కూడా. అటు చేసీ ఇటు చేయించీ చూసినదాన్ని కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

ముందు ఆ పేరు సంగతి. మన పెద్దవాళ్ళకి అప్రెంటిస్ అనగానే ఐటీఐ పాసై ఆర్టీసీ డిపోలోనో రైల్వే షెడ్‌లోనో స్టైపెండ్ మీద ఏడాది పనిచేసే కుర్రాడు గుర్తొస్తాడు. ఆ పని చిన్నదని నేననను, మా పెదనాన్నగారి అబ్బాయి విజయవాడ లోకో షెడ్‌లో అలాగే మొదలుపెట్టి ఇంటిని నిలబెట్టాడు. కానీ ఇక్కడ నీకు వచ్చింది వేరు. డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లని ఇంగ్లండ్ ప్రభుత్వం 2014లో ప్రకటించింది, 2015 నుంచి మొదటి బ్యాచ్‌లు చేరాయి, ఆస్టన్, మాంచెస్టర్ మెట్రోపాలిటన్ లాంటి యూనివర్సిటీలు మొదట్లోనే ముందుకొచ్చాయి. సాఫ్ట్‌వేర్‌వాళ్ళు చేసే కోర్సు పేరు డిజిటల్ అండ్ టెక్నాలజీ సొల్యూషన్స్, లెవెల్ 6, అంటే మామూలు బ్యాచిలర్ డిగ్రీ స్థాయే. చివర్లో వచ్చేది బీఎస్సీ ఆనర్స్. గౌనేసుకుని స్టేజి ఎక్కి తీసుకునే డిగ్రీనే, మా అమ్మ ఆ ఫోటో తెనాలిలో ఇంటి హాల్లో పెట్టుకుంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం, ఎందుకంటే నీ విషయంలో అది చిన్నది కాదు. ఇక్కడి పిల్లలకి యూనివర్సిటీ ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు, చాలామంది లోన్ తీసుకుంటారు, 2023 ఆగస్టు తర్వాత కోర్సులో చేరినవాళ్ళయితే జీతం 25,000 దాటిన మొత్తం మీద 9 శాతం చొప్పున, తీరకపోతే 40 ఏళ్ళ దాకా కడుతూనే ఉంటారు. నీకు ఆ దారి కూడా లేదు. కోర్సు మొదలయ్యే రోజుకి ఐఎల్ఆర్ చేతిలో లేకపోతే మామూలుగా నిన్ను ఓవర్సీస్ విద్యార్థి కిందే లెక్కేస్తారు, లోన్ రాదు, కంప్యూటర్ సైన్స్‌కి ఆ ఫీజు ఏడాదికి 25,000 పౌండ్లు దాటడం మామూలే. మూడేళ్ళకి ఎంతవుతుందో నాన్నగారే లెక్కేస్తారు, ప్లాట్ మాట అందుకే వచ్చిందనుకుంటా. అప్రెంటిస్‌షిప్‌కి నియమం వేరుగా ఉంటుంది: ఇక్కడ ఉండటానికి అనుమతి ఉండాలి, అది చదువు కోసం ఇచ్చిన వీసా కాకూడదు, మొదలుపెట్టే నాటికి వరసగా మూడేళ్ళు ఇక్కడే నివాసం ఉండి ఉండాలి. నీకు ఆ మూడూ ఉన్నాయి. అయినా వీసా గడువు తేదీ ముందే కంపెనీ హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా చెప్పి పెట్టుకో, ఆఖరి నిమిషంలో టెన్షన్ పడకుండా. (హైదరాబాద్ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇది చేయొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కుదరదు.)

ఫీజు నువ్వు కట్టవు, అమ్మానాన్నా కట్టరు. జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు 2017 ఏప్రిల్ నుంచి అందులో అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ కింద కడుతున్నాయి, శిక్షణ ఖర్చు అందులోంచి పోతుంది. ఆ డబ్బు నీ దగ్గర్నుంచి వసూలు చేయడానికి నియమాలు ఒప్పుకోవు, మధ్యలో మానేసినా సరే. మన దగ్గర కంపెనీలు బాండ్ రాయించుకుని సర్టిఫికెట్లు పెట్టుకున్నట్టు ఇక్కడా ఉంటుందేమోనని నాన్నగారి భయమైతే ఆ మాట చెప్పు. జీతం సంగతికొస్తే, చట్టం ప్రకారం అప్రెంటిస్ కనీస వేతనం 2025-26లో గంటకి 7.55 పౌండ్లే, కానీ సాఫ్ట్‌వేర్ డిగ్రీ అప్రెంటిస్‌లకి అంతకంటే బాగానే ఇస్తారు, ఏడాదికి 20,000కి కాస్త అటూ ఇటూగా మొదలవడం నేను ఎక్కువగా చూశాను.

ఇంతవరకూ విన్నవాళ్ళందరూ "ఇంకేం, కళ్ళుమూసుకుని చేరిపో" అంటారు. నేను అలా అనను. డబ్బు లెక్క సరిపోయినంత మాత్రాన ఆ నాలుగేళ్ళు సాఫీగా సాగవు. ఎవరి పక్కన కూర్చుని పని నేర్చుకుంటావు అన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది. కంపెనీ బోర్డు పెద్దదే కావచ్చు, యూనివర్సిటీకి పేరే ఉండొచ్చు, రోజూ నీ కోడ్ చదివే మనిషి సరైనవాడు కాకపోతే నాలుగేళ్ళ తర్వాత నీ చేతిలో కాగితం ఉంటుంది గానీ పనితనం ఉండదు.

నా మొదటి పని చెబుతాను. పాలసీ రెన్యూవల్ ఉత్తరంలో తేదీ కనపడే తీరు మార్చాలి. మూడు లైన్లు మార్చి, గుండె దడదడలాడుతుంటే పుల్ రిక్వెస్ట్ (మార్చిన కోడ్‌ని టీమ్‌వాళ్ళు చదివి ఒప్పుకోవాలని పంపేది) పెట్టాను. టీ తాగి వచ్చేసరికి దాని మీద పదకొండు కామెంట్లు. టెస్ట్ ఎక్కడుంది, తేదీ ఖాళీగా వస్తే ఏమవుతుంది, ఇదే ఫంక్షన్‌ని క్లెయిమ్స్‌వాళ్ళు కూడా వాడుతున్నారు చూశావా. నాకు ఏడుపొచ్చినంత పనయింది, బిల్లింగ్ కౌంటర్‌కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. మా టీమ్‌లో యాభై దాటిన ఒకాయన ఉండేవాడు, మాట తక్కువ మనిషి. కుర్చీ పక్కకి లాక్కుని, ఆ వారం తను పెట్టిన పుల్ రిక్వెస్ట్ తెరిచి చూపించాడు. దాని మీద పంతొమ్మిది ఉన్నాయి. ఏమీ అనలేదు, ఒక్కొక్కటీ ఎందుకు వచ్చిందో వివరిస్తూ గంటసేపు కూర్చున్నాడు. ఆ గంట ఏ లెక్చర్ హాల్లోనూ దొరకదు. ఇవాళ నా దగ్గరికొచ్చే పిల్లలకి మొదటి వారంలోనే నా పాత పుల్ రిక్వెస్ట్‌లు తెరిచి ఇస్తాను, తప్పులు ఎక్కువ పట్టినవే ఏరి మరీ.

చదువు, పని ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో కూడా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకి అర్థం కానిది అదే. మాకు ప్రతి బుధవారం యూనివర్సిటీ. మొదటి ఏడు అల్గారిథమ్స్ పాఠంలో లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్) లోపల లూప్ పెడితే పని ఎన్ని రెట్లు పెరుగుతుందో బోర్డు మీద వేసి చూపించారు, నేను నోట్సు రాసుకుని పరీక్ష రాసి మర్చిపోయాను. ఏడాదిన్నర తర్వాత ఒక బ్రోకర్ ఫోన్ చేశాడు, తన పాలసీల పేజీ తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పడుతోందని. నాకే అప్పగించారు. లాగ్, అంటే సిస్టమ్ రాసుకున్న రికార్డు, తీసి చూస్తే, ఆ బ్రోకర్‌కి 200 పాలసీలు, మా కోడ్ ముందు ఆ జాబితా కోసం డేటాబేస్‌ని ఒకసారి అడిగి, తర్వాత ఒక్కో పాలసీకి కస్టమర్ పేరు కోసం మళ్ళీ ఒక్కోసారి వెళ్తోంది. మొత్తం 201 సార్లు. మేం పరీక్షించుకునే డేటాలో ఐదే పాలసీలు కాబట్టి ఎవరికీ తెలియలేదు. రెండు టేబుళ్ళనీ కలిపి ఒకేసారి తెచ్చేలా మార్చాను, పేజీ సెకనులోపే తెరుచుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి పాత నోట్సు వెతికి తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. యూనివర్సిటీలో మూడేళ్ళు చదివి ఉద్యోగంలోకి వెళ్ళిన పిల్లలకీ ఇది ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, కాదనను, కానీ పాఠం ఇంకా తడి ఆరకముందే పని తగలడం మనకే దొరికే భాగ్యం.

ఇక కష్టం. ఇందులో మనిషి రెండుచోట్లా పూర్తిగా ఉండాలి. నేను చేసినప్పుడు పనిగంటల్లో కనీసం 20 శాతం శిక్షణకి ఇవ్వాలని నియమం, 2022 ఆగస్టు నుంచి దాన్ని కనీసం వారానికి ఆరు గంటల లెక్కకి మార్చారు, ఆ తర్వాత కూడా సర్దుబాట్లు జరిగాయి, నీ ఒప్పందంలో మొత్తం ఎన్ని గంటలని రాశారో చూసుకో. ఆఫ్ ద జాబ్ అంటారు దీన్ని. కాగితం మీద ఉన్న ఆ గంటల్ని కాపాడుకోవడమే నాలుగేళ్ళ అసలు పోరాటం అని నేను నమ్ముతాను.

రెండో ఏడాది మా మేనేజర్ మారాడు. కొత్తాయన చెడ్డవాడు కాదు, కానీ రిలీజులు (కొత్త కోడ్‌ని వాడకంలోకి వదలడం) బుధవారం పెట్టడం మొదలుపెట్టాడు. "ఈ ఒక్కసారికి" అనేవాడు. నేను క్లాసులో వెనక బెంచీలో ల్యాప్‌టాప్ తెరిచి టీమ్ కాల్‌లో కూర్చునేదాన్ని, ఇటు పాఠమూ వినలేదు, అటు రిలీజూ చూడలేదు. అలా రెండు నెలలు నోరు విప్పలేదు. మనం పెరిగిన పద్ధతే అలాంటిది కదా, పెద్దవాళ్ళు చెప్పారంటే తలూపడం. డేటాబేస్ అసైన్‌మెంట్‌లో 42 మార్కులొచ్చాయి, అప్పటిదాకా అరవైకి తగ్గలేదు నాకు. పన్నెండు వారాలకోసారి అప్రెంటిస్, మేనేజర్, యూనివర్సిటీ కోచ్ ముగ్గురూ కూర్చునే ప్రోగ్రెస్ రివ్యూ ఉంటుంది. అందులో కోచ్ నా గంటల లాగ్ తెరిచి, ఈ ఎనిమిది బుధవారాలు ఏమయ్యాయని అడిగింది. నేను మేనేజర్ వైపు చూశాను, ఆయన నావైపు చూశాడు. అప్పుడు చెప్పాను, గొంతు వణికింది గానీ చెప్పాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు, "నువ్వెప్పుడూ కుదరదని అనలేదు కదా" అన్నాడు. అదే రోజు నా క్యాలెండర్‌లో బుధవారాలన్నీ బ్లాక్ అయ్యాయి, రిలీజులు మంగళవారానికి మారాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్ళు. నువ్వు ఆ రెండు నెలలు ఆగొద్దు, మొదటి బుధవారం పోయినప్పుడే చెప్పు, ఆ గంటల లాగ్ ఏ రోజుకారోజు నింపు. నీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

మిగతా కష్టాలు నువ్వు ఊహించగలిగేవే. స్నేహితులు క్యాంపస్ ఫోటోలు పెడుతుంటారు, నీకు సోమవారం ఉదయం తొమ్మిదికి స్టాండప్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్) ఉంటుంది. యూనివర్సిటీ పిల్లలకి ఎండాకాలం మూడు నెలలు ఖాళీ, నీకు అందరు ఉద్యోగుల్లాగే సెలవులు, చట్టం ఇచ్చేది ఏడాదికి 5.6 వారాలు, బ్యాంక్ హాలిడేలు కలుపుకునే. సంక్రాంతికి ఊరెళ్ళి నెల ఉండటం ఈ నాలుగేళ్ళూ మర్చిపోవాలి. నాతో చేరిన ఒకమ్మాయి, పద్దెనిమిదేళ్ళది, రెండో నెలలో లంచ్ రూమ్‌లో నాతో అంది: ఇక్కడ అందరూ ఇంటి లోన్ గురించీ పిల్లల స్కూలు గురించీ మాట్లాడతారు, నేనేం మాట్లాడాలి అని. ఆ ఒంటరితనం నిజం. మా ఆరుగురం శుక్రవారం సాయంత్రం తప్పకుండా కలిసేవాళ్ళం, అందుకే నిలబడ్డాం. మీ బ్యాచ్‌లో ఎంతమంది చేరుతున్నారో అడుగు. ఒక్కదానివే అయితే రెండుసార్లు ఆలోచించుకో.

ఇది ఎవరికి వద్దంటానో కూడా చెబుతాను. లెక్కలంటే ప్రాణం, పరిశోధన వైపు వెళ్ళాలి, మెషీన్ లెర్నింగ్ లోతుల్లోకి దిగి పీహెచ్‌డీ చేయాలి అనుకునేవాళ్ళు యూనివర్సిటీకే వెళ్ళాలి. ఈ కోర్సులో సిద్ధాంతం ఉంటుంది గానీ అంత లోతు ఉండదు, వ్యాపారం, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలు కూడా కలిసి ఉంటాయి. ఏ రంగమో ఇంకా తేల్చుకోలేనివాళ్ళకి కూడా వద్దు, ఎందుకంటే మధ్యలో సబ్జెక్ట్ మార్చుకోవడం ఇక్కడ తేలిక కాదు. నువ్వేమో పదో ఏట నుంచి ఏదో ఒక ప్రోగ్రాం తయారుచేసి చూస్తున్నానని రాశావు, మీ అమ్మగారి క్యాటరింగ్ ఆర్డర్ల కోసం చిన్న యాప్ చేశానన్నావు. ఆ ఒక్క వాక్యం చదివాకే నీకు ఇంత పొడుగు సమాధానం రాయాలనిపించింది.

కాబట్టి ఒప్పుకునే ముందు ఆ కంపెనీకి మెయిల్ పెట్టి అడగాల్సినవి అడుగు, మొహమాటపడకు. నేను ఏ టీమ్‌లో ఉంటాను, నా మెంటార్ ఎవరు, ఆయనకి నా కోసం వారంలో ఎన్ని గంటలు కేటాయించారు? మెంటార్ పేరు చెప్పలేకపోతే అది మంచి గుర్తు కాదు. చదువు ప్రతి వారం ఒక రోజా, లేక కొన్ని వారాలు ఒకేసారి బ్లాక్‌గానా? ఒప్పందం పర్మనెంటా, నాలుగేళ్ళకేనా? అన్నిటికంటే ముఖ్యంగా, ఇంతకుముందు చేరిన అప్రెంటిస్‌లలో పూర్తిచేసినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఒకరితో ఇరవై నిమిషాలు మాట్లాడించగలరా? మంచి టీమ్ అయితే ఈ మాటకి సంతోషిస్తుంది. నేను ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు పిల్లలతో అలా మాట్లాడతాను, మా దగ్గర రిలీజ్ రాత్రి ఎలా ఉంటుందో కూడా దాచకుండా చెబుతాను. ఒకవేళ కంపెనీయే ఉద్యోగం తీసేస్తే చదువు ఏమవుతుందని కూడా అడుగు. నియమాల ప్రకారం కొత్త యజమానిని వెతుక్కోవడానికి 12 వారాలు గడువు దొరుకుతుంది, దానికి యూనివర్సిటీ ఎలా సాయం చేస్తుందో ముందే తెలుసుకోవడం మంచిది.

చేరావంటే మొదటి నెల నుంచే చేయాల్సింది ఒకటుంది, పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు చేసిన పనుల సాక్ష్యాల ఫైలు. చివర్లో ఎండ్ పాయింట్ అసెస్‌మెంట్ ఉంటుంది: పనిలో చేసిన ఒక పెద్ద ప్రాజెక్ట్ మీద రిపోర్ట్, ప్రజెంటేషన్, నీ పోర్ట్‌ఫోలియో మీద చర్చ. జ్ఞానం, నైపుణ్యం, ప్రవర్తన అని మూడు భాగాల జాబితా ఇస్తారు, ప్రతిదానికీ నువ్వు చేసిన పని సాక్ష్యంగా చూపించాలి. నాతో చేసినవాళ్ళలో ఇద్దరు దాన్ని నాలుగో ఏడాదికి వదిలేసి, మూడేళ్ళ కిందటి పనులు గుర్తు రాక నానా అవస్థా పడ్డారు. నేను ఆదివారం పొద్దున కుక్కర్‌లో పప్పు పెట్టి, మూడు కూతలు వచ్చేలోపు ఆ వారం ఏం చేశానో తెలుగులోనే నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. ఏ తప్పు దొరికింది, ఎలా పట్టుకున్నాను, ఎవరితో ఏం మాట్లాడాను. నెలాఖరున వాటిని ఇంగ్లీషులో సరిగ్గా రాసి ఎక్కించేదాన్ని. నా చివరి చర్చలో ఆ 201 సార్ల కథ చెప్పినప్పుడు ఏ తేదీన ఏం చేశానో అంతా నా దగ్గరుంది. ఒక జాగ్రత్త: కంపెనీ కోడ్‌నీ, కస్టమర్ల వివరాలనీ యూనివర్సిటీ అసైన్‌మెంట్‌లో పెట్టకూడదు, మేనేజర్‌కి చూపించి, పేర్లు తీసేసి మాత్రమే పెట్టాలి.

నాన్నగారి సంగతి. ఆయన భయం నాకు అర్థమవుతుంది, కూతురు తక్కువ దారిలో పోతోందేమోనని ఆయన బాధ. ఆయనతో వాదించకు. ఆఫర్ లెటర్, యూనివర్సిటీ కోర్సు పేజీ, ఫీజు లెక్క మూడూ ప్రింట్ తీసి, శనివారం తీరిగ్గా కాఫీ తాగేటప్పుడు పక్కన కూర్చుని చదివి వినిపించు. డిగ్రీ మీద యూనివర్సిటీ పేరే ఉంటుందని చూపించు. ఇంకా అనుమానం ఉంటే నాతో మాట్లాడమను, నేను మెంటార్‌గా చూసే పిల్లల్లో ఒకబ్బాయి వాళ్ళ నాన్న కూడా మొదట్లో ఇలాగే అన్నారు, ఆయనతో కూడా మాట్లాడిస్తాను.

నీ ఆఫర్‌కి జవాబు చెప్పడానికి పది రోజులే ఉందన్నావు. మెంటార్ గురించిన ఆ మెయిల్ రేపే పెట్టు. వాళ్ళేం రాశారో, ఎన్ని రోజులకి రాశారో ఇక్కడే చెప్పు, చూసి నా అభిప్రాయం రాస్తాను.